దెయ్యమయ్యే అర్హత

కీ వెస్ట్ అమెరికాకి దక్షిణపు కొసన, ఫ్లోరిడా కింద ఉన్న చిన్న దీవి. ఊరి పేరూ అదే. మయామీ నుంచి 160 మైళ్ళు వంతెన తరవాత వంతెన దాటుకుంటూ పోవాలి. క్యూబా మాత్రం సముద్రం మీద 90 మైళ్ళే. బతికున్నవాళ్ళు 25 వేలు ఉంటారు. శ్మశానంలో ఉన్నవాళ్ళు దానికి మూడింతలో నాలుగింతలో అని ఊళ్ళో లెక్క. పొద్దుగూకితే చాలు, లాంతర్లు పట్టుకున్న గైడ్ల వెనక జనం గుంపులు గుంపులుగా పాత వీధుల్లో నడుస్తుంటారు. దెయ్యాల పర్యటన అన్నమాట. కాలినడకన పోయేవీ ఉన్నాయి, ట్రాలీ బస్సులో తిప్పేవీ ఉన్నాయి.

కాకినాడలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మా అమ్మకీ, మయామీలో ఉద్యోగం చేసే మా పిన్ని కొడుక్కీ అలాంటి నడక ఒకటి పూర్తయ్యాక జరిగిన వాదన ఇది. ఒకరి మాట మీద ఒకరు అరుచుకున్న చోట్లు తీసేశాను. ఎవరి పక్షమని అడిగితే అమ్మ పక్షమే అంటాను, అన్ని చోట్లా కాదు.

అబ్బాయి: నిజం చెప్పు పెద్దమ్మా, ఎలా ఉంది?

పెద్దమ్మ: కాళ్ళు పీకుతున్నాయి. భయం మాత్రం వెయ్యలేదు. ఆ కుర్రాడు చెప్పడం బాగా చెప్పాడ్రా, కాదనను. లాంతరు గడ్డం కిందికి తెచ్చి, మాట సగంలో ఆపి, వెనకాల ఎవరో నిలబడ్డట్టు ఓసారి తిరిగి చూశాడే, మన హరిదాసులకి తెలిసిన విద్య అది. అంత విద్యా పెట్టి చెప్పిందేమిటన్నదే నా బాధ.

అబ్బాయి: ఏం చెప్పాడు? ఊరి చరిత్రే కదా. రాత్రి ఎనిమిదింటికి చరిత్ర ఉపన్యాసం ఉంది రండి అంటే వీళ్ళలో ఒక్కరు వచ్చేవాళ్ళా? డ్యూవల్ వీధిలో బార్లన్నీ వదులుకుని నిలబడి విన్నారు. 1846 అక్టోబరు తుపాను సంగతి నాకు తెలిసింది కూడా ఇలాంటి నడకలోనే. అప్పటికి శ్మశానం సముద్రపొడ్డున ఉండేది. అలలొచ్చి గోతులు తోడేసి శవాల్ని చెల్లాచెదురు చేశాయి. అందుకే మరుసటేడు ఊరి మధ్యలో, మెరక మీద కొత్త శ్మశానం పెట్టుకున్నారు. కింద పగడపు రాయి, గొయ్యి తవ్వడం కష్టం, కాబట్టి చాలా సమాధులు నేల మీదే అరలు అరలుగా కట్టారు. ఇదంతా చరిత్ర కాదా?

పెద్దమ్మ: చరిత్రే. అదే తుపానుకి దీపస్తంభం కూలిపోయింది. లోపల తలదాచుకున్నవాళ్ళు పోయారు. ఆ దీపం చూసుకునేది ఎవరు? బార్బరా మాబ్రిటీ. మొగుడు పోయాక ఆ ఉద్యోగం తనే చేసుకొస్తున్న మనిషి. అయినవాళ్ళు కొట్టుకుపోయారు, ఆవిడ మిగిలింది. 1848లో కొత్త స్తంభం కడితే మళ్ళీ వెళ్ళి దాంట్లో దీపం పెట్టింది, ఏళ్ళ తరబడి పెడుతూనే ఉంది. ఆవిడ గురించి ఎంతసేపు చెప్పాడు? బార్లో ఉన్న ఆ చెట్టుకి మనుషుల్ని ఉరితీసేవాళ్ళని చెప్పినంతసేపు చెప్పాడా?

అబ్బాయి: ఆ బార్ ఒకప్పుడు మంచుగడ్డలు నిలవచేసే కొట్టు, శవాలు కూడా అందులోనే ఉంచేవాళ్ళంటారు. హెమింగ్వే కూర్చుని తాగిందీ అక్కడే. చెట్టు పైకప్పులోంచి పైకి పోయింది, చూశావుగా!

పెద్దమ్మ: చెట్టుంది. చూశాను. పద ముందుకి.

అబ్బాయి: సరే, రాబర్ట్‌ని తీసుకో. నువ్వింకా చూడలేదు, నేను చూశాను. పాత ఇటుకల కోటలో మ్యూజియం. ఒక గదిలో అద్దాల పెట్టె, అందులో చిన్న కుర్చీ, కుర్చీలో మూడడుగుల పైన ఉన్న గుడ్డబొమ్మ. నావికుల పిల్లల చొక్కా తొడిగారు, ఒళ్ళో ఒక చిన్న కుక్కబొమ్మ. ముఖం మీద రంగంతా పోయి మచ్చలు పడింది, కళ్ళు నల్లపూసలు. జీన్ ఓటో అనే చిత్రకారుడి చిన్నప్పటి బొమ్మ. ఆయన 1974లో పోయాడు, బొమ్మ 1994లో మ్యూజియానికొచ్చింది. ఫోటో తీసుకునేముందు దాన్ని అనుమతి అడగాలి. అడక్కుండా తీసుకుని ఇంటికెళ్ళాక కారు పాడైనవాళ్ళు, ఉద్యోగం పోయినవాళ్ళు తప్పయిపోయిందని ఉత్తరాలు రాస్తారు. ఆ ఉత్తరాలన్నీ గోడల నిండా అంటించారు. నాకు బొమ్మని చూస్తే ఏమీ అనిపించలేదు పెద్దమ్మా, ఆ ఉత్తరాలు చదువుతుంటే ఒళ్ళు జలదరించింది.

పెద్దమ్మ: ఉత్తరాల మాట బాగుంది. తిరుపతి హుండీలో వేసే చీటీల్లాంటివన్నమాట. మరి ఆ బొమ్మకి అంత శక్తి ఎక్కడినుంచి వచ్చిందన్నాడు మన గైడు?

అబ్బాయి: బహామాస్ దీవులనుంచి వచ్చిన పనిమనిషి. యజమానురాలు అవమానిస్తే కోపంతో చేతబడి చేసి పిల్లాడి చేతికిచ్చిందని.

పెద్దమ్మ: నీ మ్యూజియం వాళ్ళేమో 1904లో తాతగారు జర్మనీ వెళ్ళి పిల్లాడి పుట్టినరోజుకి కొనుక్కొచ్చాడంటున్నారు. స్టైఫ్ కంపెనీ సరుకది, టెడ్డీబేర్లు చేసే కంపెనీయే. అసలు పిల్లలకి అమ్మడానికి కూడా కాదు, కొట్టు అద్దాల వెనక అలంకారానికి చేసి ఉంటారట. అంతా తెలిసింది. అయినా రాత్రి అయ్యేసరికి నల్లజాతి పనిమనిషే చేతబడి చేసింది. ఈ మాట వింటే నాకు నవ్వు రాదురా. చేతబడి, బాణామతి అనే మాట మన ఊళ్ళల్లో ఎవరి మీద పడుతుంది? మునసబు మీద పడుతుందా? దిక్కులేని ముసలమ్మ మీద పడుతుంది. చెట్టుకి కట్టేసి కొట్టారు, పళ్ళూడగొట్టారు, చంపేశారు. పేపర్లో ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి.

అబ్బాయి: ఒప్పుకున్నా. ఆ ముక్క తీసెయ్యాలి. కానీ ఇంకోటి కూడా ఒప్పుకో. అంతర్యుద్ధంనాడు మొదలెట్టి సగంలో వదిలేసిన ఆ కోటని చూడ్డానికి ఈ ఎండలో ఎవడొస్తాడు? రాబర్ట్ కోసం వస్తారు. వచ్చినవాళ్ళు మిగతా గదులూ చూస్తారు. ఆ మ్యూజియం నడిపే సంస్థ దగ్గర మారియో సాంచెజ్ బొమ్మలున్నాయి. క్యూబా మూలాలున్న మనిషి, తన చిన్నప్పటి వీధులన్నీ చెక్క మీద చెక్కి రంగులేశాడు. చుట్టలు చుట్టే పనివాళ్ళు, చేపలమ్మేవాళ్ళు, శవయాత్రలు, బ్యాండుమేళాలు. వాటి గది చల్లబరచడానికి కరెంటు బిల్లు ఎవరు కడుతున్నారనుకున్నావు? ఆ గుడ్డబొమ్మే కడుతోంది. ఈ ఊరికి వేరే పంట లేదు పెద్దమ్మా. ఓడలు రాళ్ళకి కొట్టుకుంటే సరుకు ఒడ్డుకి చేర్చి బతికారు. తరవాత చుట్టల ఫ్యాక్టరీలు, స్పాంజీల వ్యాపారం. అన్నీ పోయి 1934లో ఊరికి ఊరే దివాలా తీసింది. మరుసటేడు తుపానుకి రైలుమార్గం తుడిచిపెట్టుకుపోయింది. 1938లో ఆ వంతెనల మీదే రోడ్డేశారు. అప్పటినుంచి వీళ్ళు అమ్ముకునేది ఎండ, సముద్రం, కబుర్లు.

పెద్దమ్మ: కబుర్లు అమ్ముకోనీ. మనుషుల్ని ఎందుకు? ఆ పిల్ల సంగతి చెప్పు.

అబ్బాయి: ఎలీనానా?

పెద్దమ్మ: మరియా ఎలీనా మిలాగ్రో దె ఓయోస్. చూశావా, పూర్తి పేరు చెబితే నీకే కొత్తగా ఉంది! గైడు నోట ఆ పేరు ఒకసారి వచ్చి ఉంటుంది. ‘కౌంట్’ మాత్రం ఊపిరి తీసినప్పుడల్లా వచ్చాడు. వాడు ఏ జమీందారూ కాదు. కార్ల్ టాంజ్లర్, మెరైన్ ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగి. పెళ్ళైనవాడు, పిల్లలున్నవాడు. ఆ అమ్మాయి చుట్టల పనివాడి కూతురు. మొగుడు వదిలేశాడు, క్షయ పట్టుకుంది, 1931 అక్టోబరులో పోయింది. 22 ఏళ్ళు. వీడు సొంత డబ్బుతో సమాధి గది కట్టించాడు. ఇంటివాళ్ళు మంచివాడనుకున్నారు. 1933లో శవాన్ని ఎత్తుకుపోయి ఇంట్లో పెట్టుకున్నాడు. ఏడేళ్ళు. ఎముకల్ని పియానో తీగలతో కట్టి, మైనం పూసి, గాజుకళ్ళు పెట్టి... ఇక నేను చెప్పను. 1940లో తోడబుట్టిందానికి అనుమానమొచ్చి వెళ్ళి చూసింది. కేసు పెడితే గడువు దాటిపోయిందని కొట్టేశారు. తరవాత శవాన్ని ఏం చేశారు? అంత్యక్రియల ఏర్పాట్లు చేసేవాళ్ళ దగ్గర జనం చూడ్డానికి పెట్టారు! 6,800 మంది వచ్చి చూశారట. ఆ పిల్ల మీద మొదటి పర్యటన అప్పుడే నడిపిందిరా ఈ ఊరు.

అబ్బాయి: ఇవన్నీ గైడు కూడా చెప్పాడుగా! ఊళ్ళో చాలామంది వాడి మీదే జాలిపడ్డారని కూడా చెప్పాడు.

పెద్దమ్మ: చెప్పి, చివరికి చావు కూడా ఆపలేని ప్రేమ అన్నాడు. నా పక్కన నిలబడ్డ అమ్మాయి అయ్యో అంది. ఎవరికోసం అందనుకున్నావు? వాడికోసం. పక్కనున్న కుర్రాడి చెయ్యి పట్టుకుని మరీ అంది.

అబ్బాయి: ఎలీనాని మళ్ళీ పాతిపెట్టింది ఎక్కడో ఎవరికీ తెలీదు. వాడు మళ్ళీ తవ్వకుండా గుర్తులేని చోట, రహస్యంగా పెట్టారు. ఆ శ్మశానంలో ఒకావిడ ‘ఒంట్లో బాగాలేదని చెప్పాను కదా’ అని చెక్కించుకున్న రాయి ఉంది, అందరూ దాని దగ్గర నవ్వుకుని ఫోటో తీసుకుంటారు. ఎలీనాకి రాయి ఏదని వెతికితే దొరకదు. ఆవిడ పేరు రోజూ పలికేది లాంతరు పట్టుకున్న ఈ కుర్రాళ్ళే. వీళ్ళూ నోరు మూసుకుంటే?

పెద్దమ్మ: గుర్తు లేకుండా ఎందుకు పెట్టారు? ఇక చాలు, ఈ పిల్లని ఎవరూ చూడొద్దని.

అబ్బాయి: మనం చూడ్డంలేదు, వింటున్నాం.

పెద్దమ్మ: ఇది ప్లీడరు జవాబు.

(నాకైతే అది ప్లీడరు జవాబు అనిపించలేదు. అమ్మ ఇంత వివరంగా కోప్పడగలిగింది కూడా ఆ కుర్రాడు రగిలించబట్టే. గదికొచ్చి ఫోన్‌లో గంటసేపు ఆ అమ్మాయి గురించి చదివింది.)

పెద్దమ్మ: మన దగ్గర అన్యాయమైపోయిన ఆడదాన్ని ఏం చేశారో చూడు. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ. అత్తింట్లో నిందలు పడ్డ కోడలు. ఇవాళ ఆవిడకి గుడి, తిరునాళ్ళు, పసుపు కుంకాలు. కూతుళ్ళకి ఆవిడ పేరు పెట్టుకుంటారు. ఆ అత్తగారి పేరు ఎవరైనా పెట్టుకున్నారా?

అబ్బాయి: బాగుంది. బతికుండగా కూడు పెట్టని కోడలికి చచ్చాక పొంగలి పెడతారు. పేరంటాళ్ళ గుళ్ళు ఎన్ని అలా వెలిశాయి? చంపినవాళ్ళకో, చస్తుంటే చూసి ఊరుకున్నవాళ్ళకో వణుకు పుట్టి, దెయ్యమై పీడిస్తుందేమోనని దేవతని చేశారు. దేవత అయ్యాక ఇక విచారణ ఉండదు. ఎవరు చేశారు, ఎందుకు చేశారు అని అడిగితే కళ్ళు పోతాయి. ఇక్కడివాళ్ళు టికెట్టు పెట్టారు, మనవాళ్ళు హుండీ పెట్టారు.

పెద్దమ్మ: హుండీ మాట నిజమేలే.

అబ్బాయి: పోర్ట్ బ్లెయిర్ వెళ్ళొచ్చావు కదా. సెల్యులార్ జైల్లో సాయంత్రంపూట సౌండ్ అండ్ లైట్ షో, కథ చెప్పేదెవరు? రావిచెట్టు! చీకటి, ఎర్రదీపాలు, సంకెళ్ళ చప్పుడు. అదీ దీవే, దానికీ టికెట్టుంది. నువ్వు కళ్ళు తుడుచుకున్నావని అక్క చెప్పింది.

పెద్దమ్మ: అవును, ఏడ్చాను. మన కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారిని ఆ జైలుకే పంపారురా. పగలు ఆ కొట్లలోకి వెళ్ళి నిలబడ్డాను. కిటికీ ఎంత ఎత్తున ఉందో, నూనెగానుగ ఎలా తిప్పేవాళ్ళో చూశాను, పలకల మీద ఖైదీల పేర్లు చదివాను. సాయంత్రం వచ్చి చీకట్లో కూర్చున్నాను. అప్పటికి ఎవరికోసం ఏడుస్తున్నానో నాకు తెలుసు. ఇక్కడ ముందు చీకట్లో నిలబెట్టి, పోయినవాళ్ళెవరో చెప్పకుండా ఉలిక్కిపడమంటారు.

అబ్బాయి: అంటే నీ గొడవ దెయ్యంతో కాదు, గైడు వరసతోనా?

పెద్దమ్మ: ఇవాళ పొద్దున నువ్వు ఈతకి తీసుకెళ్ళిన హిగ్స్ బీచ్‌లో ఏముందో తెలుసా?

అబ్బాయి: ఆఫ్రికన్ల సమాధులు. ఫలకం చదివాను.

పెద్దమ్మ: మొదటి పేరా చదివి తువ్వాలు కోసం వెళ్ళావు. నేను నిలబడి మొత్తం చదివాను. 1860లో క్యూబాలో అమ్మడానికి మనుషుల్ని తీసుకుపోతున్న మూడు ఓడల్ని అమెరికా నౌకాదళం పట్టుకుని ఇక్కడికి తెచ్చింది. వైల్డ్‌ఫైర్, విలియమ్, బొగోటా. మూడింట్లో కలిపి 1,432 మంది, వాళ్ళలో బోలెడంత మంది పిల్లలు. అప్పటికి ఊరి జనాభా 3,000 కూడా లేదు. ఫెర్నాండో మొరేనో అనే మార్షల్ రోజుల మీద కొట్టాలు కట్టించాడు, ఆసుపత్రి పెట్టించాడు. ఊరివాళ్ళు తిండీ బట్టలూ మోసుకొచ్చారు. ఆ తెచ్చినవాళ్ళలో సొంత ఇళ్ళలో బానిసలున్నవాళ్ళూ ఉండి ఉంటారు, బానిసత్వం ఇక్కడ చట్టబద్ధమే అప్పుడు! ఓడ అడుగున పట్టుకున్న రోగాలకి మూడు నెలలు తిరక్కుండా 295 మంది పోయారు. ఒడ్డున ఇసకలో పాతారు. మిగిలినవాళ్ళని ఓడలెక్కించి లైబీరియాకి పంపారు, దారిలో మళ్ళీ వందలమంది. రెండేళ్ళు తిరిగేసరికి ఆ సమాధులున్న చోటే ఇంకో కోట కట్టడం మొదలెట్టారు. ఆ తరవాత రోడ్డు, బీచ్, నీలాంటివాళ్ళ తువ్వాళ్ళు. 2002లో నేలలోకి రాడార్ తరంగాలు పంపి చూస్తేగానీ గోతులెక్కడున్నాయో తేలలేదు.

అబ్బాయి: తెలుసు.

పెద్దమ్మ: ఆ నడకలో విన్న దెయ్యాల్లో వీళ్ళు ఒక్కరున్నారా? దెయ్యం అవ్వాలన్నా అర్హత ఉండాలిరా. ఒక ఇల్లుండాలి, ఇంటికి మెట్లుండాలి, మెట్ల మీద అడుగుల చప్పుడు వినడానికి ఆ ఇంటిని ఎవరో గెస్ట్‌హౌస్ చేసి ఉండాలి. ఒక్కరోజు కూడా గోడా తలుపూ లేనివాళ్ళు ఎక్కడని తిరుగుతారు?

అబ్బాయి: ఇప్పుడు దొరికావు. ఇందాకటి నుంచీ చచ్చినవాళ్ళని అమ్ముకోవద్దంటున్నావు. ఇప్పుడేమో వీళ్ళనెందుకు అమ్మలేదంటున్నావు. రేపు రాత్రి ఆ కుర్రాడు లాంతరుతో ఆ ఇసకలోకి తీసుకెళ్ళి, ఇక్కడ పిల్లల ఏడుపులు వినపడతాయి అంటే ఊరుకుంటావా?

పెద్దమ్మ: చెప్పు తీసుకుంటాను.

అబ్బాయి: మరి! చెబితే చెప్పు, చెప్పకపోతే తప్పు. ఆ జోలికి పోకపోవడమే మర్యాద అనుకున్నారేమో.

పెద్దమ్మ: ఎలీనా దగ్గర గుర్తురాని మర్యాద ఇక్కడ గుర్తొచ్చిందా? నేను దెయ్యాల్ని చెయ్యమనలేదు. దెయ్యమంటే మనం భయపడేది. ఆ పిల్లల్ని చూసి మనమెందుకు భయపడాలి? వాళ్ళు ఎవరిని చూసి భయపడ్డారో వాళ్ళని చూసి భయపడమను. ఆ వైల్డ్‌ఫైర్‌ని సరంజామాతో సిద్ధం చేసి పంపింది న్యూయార్కు రేవు నుంచి. డబ్బు పెట్టినవాళ్ళున్నారు, లాభం లెక్క చూసుకున్నవాళ్ళున్నారు. వాళ్ళు ఏ మేడ మెట్ల మీద తిరుగుతున్నారో చూపించే గైడు ఉంటే చెప్పు, ఎంత టికెట్టయినా కొంటాను.

అబ్బాయి: అది మాత్రం నిజంగా నడిచే వ్యాపారం. వాల్ స్ట్రీట్‌లో పెట్టాలి.

పెద్దమ్మ: పెట్టు మరి.

అబ్బాయి: సరే, ఈ ఊళ్ళో నీ చేతికి లాంతరిచ్చి గైడుగా పెట్టారనుకో. ఎక్కడ మొదలెడతావు?

పెద్దమ్మ: లాంతరు అక్కర్లేదు. హిగ్స్ బీచ్‌లో, పగలు పదింటికి. మొరేనో ఎన్ని కొట్టాలు కట్టించాడో, ఎవరు వండారో, ఎవరు గోతులు తవ్వారో, ఖర్చు ఎవరు భరించాలని వాషింగ్టన్‌కి రాసుకున్నాడో ముందు చెబుతాను. అక్కణ్ణుంచి దీపస్తంభానికి నడిపించి మాబ్రిటీ సంగతి చెబుతాను. శ్మశానంలో ఎలీనా గురించి చెబుతాను, వాడి పేరు ఒక్కసారి చెప్పి వదిలేస్తాను. కావాలంటే చివర్లో నీ బొమ్మ దగ్గరికీ తీసుకెళ్తాను, స్టైఫ్ కంపెనీ అని చెప్పి.

అబ్బాయి: పదింటికా? ఈ ఎండలోనా? ఒక్కరు రారు. అదే కథ రాత్రి ఎనిమిదింటికి పెట్టు, యాభైమంది వస్తారు. నువ్వన్న ఒక్క అక్షరం మార్చకుండా చెప్పు, చీకటి మాత్రం ఉండనీ.

పెద్దమ్మ: ఆ ఓడలు వచ్చింది ఏప్రిల్ నెలాఖరుకీ మే నెలాఖరుకీ మధ్య. ఆ కొట్టాల్లో ఉన్నది మే, జూన్, జూలై ఎండల్లో. పదింటికే చెప్పాలి.

అబ్బాయి: నీ పదింటి నడక నువ్వు పెట్టుకో. నీ కాగితాలే తీసుకుని నేను రాత్రి ఎనిమిదింటిది పెడతాను. వారం తరవాత ఎవరి దగ్గర ఎంతమంది నిలబడి విన్నారో లెక్క చూద్దాం.

పెద్దమ్మ: అలాగే పెట్టు. కానీ అయ్యో అన్నవాళ్ళు ఎవరికోసం అన్నారో అది కూడా రాసుకో.